మట్టిగోడకు ఎర్ర నంబరు

నా చిన్నప్పుడు మా ఊళ్లో కోటు తొడిగే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆ ఒక్కడూ మా చిన్నాయన కావడం మా ఇంటి దౌర్భాగ్యం. మెడ దాకా గుండీలు పెట్టుకునే నల్లకోటు అది. బర్రెలు కూడా నీళ్లలోంచి బయటికి రామని మొరాయించే ఎండల్లో ఆయన ఆ కోటు వేసుకుని, బూట్లు టకటకలాడించుకుంటూ పటాన్‌చెరు వైపు నుంచి నడిచి వచ్చేవాడు. చెవుల వెనక చెమట కాలువ కట్టేది. అయినా ఒక్క గుండీ విప్పేవాడు కాదు. ఆ నడక చూడటానికి జనం అరుగుల మీదికి వచ్చి కూర్చునేవాళ్లు. ఊళ్లో చూడటానికి వేరే ఏమీ లేదు మరి.

పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తున్న కాలం అది. జొన్నచేల మధ్య నుంచి లారీలు దుమ్ము లేపుకుంటూ పోయేవి. మా చిన్నాయన అక్కడ ఒక కొత్త ప్లాంటులో టైం ఆఫీసు గుమాస్తా. కూలీలు ఎప్పుడు లోపలికి వచ్చారు, ఎప్పుడు బయటికి పోయారు అని రాసుకోవడం ఆయన ఉద్యోగం. అంతకు మించి ఏమీ లేదు. ఆయన మాటలు వింటే మాత్రం ప్లాంటు మొత్తం ఆయన చిటికెనవేలి మీద తిరుగుతోందని అనుకోవాలి. "మా ప్లాంట్ల" అని మొదలుపెట్టకుండా ఆయనకు నోరు తెరవడం రాదు. ఇంజనీర్ల నోటి నుంచి రాలిన ఇంగ్లీషు ముక్కలు ఏరుకుని ఇంటికి తెచ్చేవాడు. మా అమ్మ ఇంకో రొట్టె వేయబోతే "సఫీషియెంట్ వదినా" అనేవాడు. ఆ మాటకు వద్దని అర్థమో, వేయమని అర్థమో తెలియక మా అమ్మ వేసేసేది. ఆయన తినేసేవాడు.

మా నాయనకు తమ్ముడంటే ప్రేమ, ఇంగ్లీషంటే భయం. ఎద్దుల దగ్గర, చేను గట్ల దగ్గర పులిలా ఉండే మనిషి, తమ్ముడి నోట ఒక్క ఇంగ్లీషు మాట రాగానే మెడ ఊపడం మొదలుపెట్టేవాడు. అర్థమై ఊపేవాడు కాదు. అర్థం కాలేదని ఎదుటివాడికి తెలుస్తుందేమోనని ఊపేవాడు. ఇలాంటి మెడలు నేను ఆ తర్వాత ఎన్నో ఆఫీసుల్లో చూశాను. మొదట చూసింది మాత్రం మా ఇంట్లోనే.

వీళ్లిద్దరికీ పెద్దక్క మా మేనత్త. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. మా తాత ఆమెను వెనక్కి తీసుకొచ్చి, తమ్ముళ్ల భార్యల చేతికింద బతకకూడదని, మా పెద్దింటికి అవతల బాట పక్కనే వేరే ఇల్లు కట్టించాడు. మట్టి తొక్కి, వరస మీద వరస చేతులతో పెట్టిన గోడలు. పైన టేకు దూలాలు, వాసాలు, వాటి మీద కుమ్మరి చేసిన గూనపెంకులు. మండుటెండలో ఆ గడప దాటితే ఒళ్లు చల్లబడేది. ఆ ఇంటికి కాగితం లేదు. మా తాత నోటిమాటే దానికి పట్టా. తాత పోయాక ఆ మాట కూడా ఆయనతో పాటే పోయిందని మా చిన్నాయన నిర్ణయించుకున్నాడు.

మా అత్త మెత్తని మనిషేమీ కాదు. అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చేది. పొలంలో పనివాళ్లతో సమానంగా నాటు వేసేది. ఎద్దు బెదిరితే తనే పోయి ముకుతాడు పట్టుకునేది. తమ్ముళ్లిద్దరినీ చంకన వేసుకుని తిప్పింది ఆమే. ఆమెను తిట్టి లొంగదీసే మగవాడు ఊళ్లో లేడు. ఆమెకు లేనిదల్లా ఇంగ్లీషు ఒక్కటే. మా చిన్నాయన సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు.

పటాన్‌చెరు పక్కనే ఉన్న ఇస్నాపూర్‌లో ఫ్యాక్టరీ కూలీలకు గదులు కిరాయికి ఇవ్వాలని ఆయనకు ఆశ పుట్టింది. అక్కడ జాగా సంపాదించాడు. ఇక దూలాలు కావాలి, వాసాలు కావాలి, దర్వాజలు కావాలి, పెంకులు కావాలి. అవన్నీ అక్క నెత్తి మీద ఉన్నాయి. ఒకరోజు అన్నం దగ్గర కూర్చుని మా నాయనతో మాట ఎత్తాడు. అక్క ఇల్లు కూలగొడతాను అని ఉంటే మా నాయన పళ్లెం పక్కకు నెట్టి లేచేవాడే. ఆయన ఆ మాట అనలేదు.

"అన్నా, అక్క ఇల్లు డిస్మాంటిల్ చేస్తున్న."

"గట్లంటె ఏందిరా?"

"పరేషాన్ గాకు. కూలగొట్టుడు గాదు. కూలగొట్టుడు మోటోళ్ల పని. మా ప్లాంట్ల ఇంత పెద్ద మిషిన్‌ను విప్పి, ఒక్కో ముక్కకు నంబరేసి, లారీల ఎక్కిచ్చి, ఇంకోకాడ మల్ల ఫిట్ చేసిండ్రు. ఒక్క బోల్టు తక్కువ గాలె. అక్క ఇల్లు గూడ గంతే. ఈడ విప్పుతం, ఇస్నాపూర్ల ఫిట్ చేస్తం. అండ్ల అక్కకు ఒక రూము. అంత టెక్నికల్ అన్నా."

టెక్నికల్ అనగానే మా నాయన మెడ ఊగింది. ఒక మనిషి తల మీది నీడ అంత తేలికగా పోయింది.

మర్నాడు చిన్నాయన ఎర్రరంగు డబ్బా, బురుసు పట్టుకుని అత్త ఇంటికి పోయాడు. ప్లాంటులో ఇంజనీర్లు మిషిన్ ముక్కలకు వేసినట్టే తనూ నంబర్లు వేయడం మొదలుపెట్టాడు. దర్వాజకు వేశాడు, కిటికీకి వేశాడు, దూలాలకు వేశాడు. అక్కడితో ఆగి ఉంటే నేనీ కథ చెప్పేదాన్ని కాదు. గోడలకు కూడా వేశాడు. మట్టిగోడకు! ఒక్కో గోడ మీద మూరెడెత్తు ఎర్ర అంకె. ఆ తర్వాత పొయ్యికి వేశాడు, రోటికి వేశాడు, కోళ్లగూటికి వేశాడు. అరుగు కింద పడుకున్న మేక సమయానికి లేచి పోయింది కాబట్టి బతికిపోయింది.

నవ్వాల్సిన పని కదా? ఒక్కడు నవ్వలేదు. ఊరంతా వచ్చి గోడల మీద అంకెలు చూసి "అబ్బా, ఎంత పద్ధతి!" అని ముక్కు మీద వేలేసుకుంది. వాళ్లలో ఒక్కొక్కరూ మట్టి తొక్కి గోడ పెట్టినవాళ్లే. గోడను లారీలో ఎక్కించలేమని వాళ్లకు తెలియదా? తెలుసు. కానీ కోటు తొడుక్కున్నవాడు చెప్పాడు, అందులోనూ ఇంగ్లీషులో చెప్పాడు. దానితో వాళ్ల చేతులకు తెలిసిన సంగతిని వాళ్ల తలకాయలు నమ్మడం మానేశాయి. ఇన్నేళ్లయినా తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మా అత్త ఒక్కతే అడిగింది. "గోడకు నంబరెందుకురా తమ్మీ?"

"మల్ల ఫిట్ చేసేటప్పుడు యాదికుండనీకి."

"మట్టిగోడను ఎట్ల మోసుకపోతవురా? పెంకులు తీసినంక వానొస్తె ఏం గావాలె?"

"గదంత టెక్నికల్ అక్కా, నీకు తెల్వది. ప్రోగ్రాం ప్రకారం వానకు ముందే అయితది. మా ప్లాంట్ల వానాకాలం, ఎండాకాలం అనేది ఉండదు."

అప్పటికే మృగశిర కార్తె వచ్చింది. పొద్దున ఎండ, మధ్యాహ్నం మబ్బు, సాయంత్రం జల్లు. పిల్లలమైన మాకు కూడా తెలుసు, ఇల్లు విప్పే కాలం కాదని. అత్త మా నాయన వైపు చూసి "నువ్వన్న చెప్పరాదురా" అంది. మా నాయన నేల చూపులు చూస్తూ "వాడు సదువుకున్నోడు అక్కా, వానికి తెలుసు" అన్నాడు. ఆ మాట విని మా అత్త లోపలికి పోయి తలుపు వేసుకుంది. మా అత్త తలుపు వేసుకోవడం నేను అంతకు ముందు చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

మా పక్కింట్లో కిరాయికి ఒక అక్క ఉండేది. కోస్తా నుంచి వచ్చినవాళ్లు. ఆమె భర్త కూడా చిన్నాయన పనిచేసే ప్లాంటులోనే ఉద్యోగి. ఆమెకు మా ఊరంటే చిన్నచూపు, దాన్ని దాచుకునేది కూడా కాదు. మా జొన్నరొట్టెను చూసి మొహం చిట్లించేది. మా మాట విని పెదవి విరిచేది. మేమూ తక్కువ తినలేదు. ఆమె ఇచ్చిన ఆవకాయ ఊడ్చుకు తిని, ఆమె నడకను వెనక నుంచి వెక్కిరించేవాళ్లం. అయినా నాకు ఆమె నచ్చేది. ఆమె చిన్నచూపు మనిషిని బట్టి మారేది కాదు. ప్లాంటు ఆఫీసర్ల భార్యల మీద కూడా అంతే ఉండేది. మా చిన్నాయన మీద మాత్రం కాస్త ఎక్కువ ఉండేది. ఆయన్ని "కోటాయన" అనేది. ఆమె తండ్రి వాళ్ల ఊళ్లో ఇంగ్లీషు మాస్టారట. భోజనాల దగ్గర పిల్లలకు రోజుకో మాట చెప్పి, అది ఎక్కడ పుట్టిందో, ఎవరి దగ్గర నుంచి ఎవరి దగ్గరికి వచ్చిందో వాళ్లు చెబితే గానీ పెరుగు వేయనిచ్చేవాడు కాదట.

ఆ సాయంత్రం జల్లు పడుతుంటే గొంగడి ముసుగేసుకుని ఆమె వాకిట్లోకి పోయాను. డిస్మాంటిల్ అంటే ఏందక్కా అని అడిగాను. ఎవరన్నారే ఆ మాట, మీ కోటు బాబాయేనా అంది. తలూపాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతున్న చేట కింద పెట్టి లేచి వచ్చింది. చెబుతుందనుకుని నేను మొహం ఎత్తాను. నా నెత్తి మీది గొంగడి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. చూరు నీళ్లు నా వీపు మీద ధారగా పడ్డాయి.

"ఇదేనే డిస్మాంటిల్ అంటే" అంది.

"నా గొంగడి నాకియ్యి అక్కా, సలి పెడ్తుంది."

"ఎందుకివ్వాలి? కొట్టానా, తిట్టానా? డిస్మాంటిల్ చేశానంతే."

కాసేపు నన్ను అలా వణకనిచ్చి, తర్వాత గొంగడి ఇచ్చి, పొయ్యి పక్కన కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పింది. మాంటిల్ అంటే ఒంటి మీద కప్పుకునే పెద్ద వస్త్రమట. శాలువా అనుకో, మీ గొంగడి అనుకో అంది. ఆ మాట ఇంగ్లీషువాళ్ల సొంతం కూడా కాదు, ఫ్రెంచివాళ్ల దగ్గర నుంచి తెచ్చుకున్నదే, వాళ్లకేమో అంతకు ముందటి లాటిన్ నుంచి వచ్చింది అంది. దానికి ముందు డిస్ అని తగిలిస్తే ఆ కప్పు లాగేయడం. మొదట్లో అంతే, మనిషి మీది బట్ట ఊడబెరకడమే. ఆ తర్వాత దాన్ని కోటలకు వాడారు. ఒక రాజు ఇంకో రాజు కోట పట్టుకుంటే, మళ్లీ అందులో ఎవడూ తల దాచుకోకుండా చుట్టూ ఉన్న గోడలు, బురుజులు పీకించేసేవాడు. కోటకు గోడలే గొంగడి కదా, అది లాగేసినట్టు. ఆ తర్వాతెప్పుడో మిషిన్లు విప్పడానికి ఆ మాట వచ్చింది. మీ బాబాయికి అందిన తోక అది ఒక్కటే అంది.

నాకు కావలసింది వేరే ఉంది. "తీసినంక మల్ల కప్పుతరా అక్కా?" అని అడిగాను.

ఆమె నవ్వింది. ఆ నవ్వులో మా ఊరి మీద, మా చిన్నాయన మీద, బహుశా తన మొగుడి ప్లాంటు మీద కూడా ఉన్న ఏవగింపంతా ఉంది. "ఓసి పిచ్చిమొహమా, ఆ మాటలో తీయడమే ఉందే. కప్పడం గురించి అందులో ఒక్క అక్షరం లేదు. మళ్లీ కప్పుతాం అన్నది ఆ కోటాయన పక్కన తగిలించుకున్న తోక" అంది. ఆ తర్వాత చేట తీసుకుని మళ్లీ రాళ్లు ఏరుకుంది. మా అత్త ఇల్లు ఉంటుందా, పోతుందా అని ఒక్క ముక్క అడగలేదు. అంత మంచితనం ఆమెకు లేదు. ఉన్నది ఇచ్చింది, నాకు అది చాలు.

తడిసిన గొంగడితోనే అత్త ఇంటికి పరుగెత్తాను. రోటి దగ్గర కారం దంచుతోంది. రోటి మీద ఎర్ర నంబరు ఇంకా ఆరలేదు, ఆమె చీర కుచ్చిళ్లకు అంటింది. నేను గుక్క తిప్పుకోకుండా గొంగడి సంగతి, కోట సంగతి చెప్పాను. ఆమె రోకలి ఆపకుండానే వింది. మాటలో కప్పడం లేదట అన్నప్పుడు మాత్రం ఆపింది.

"మల్ల కప్పుడు లేదా అండ్ల?"

"లేదంట అత్తా. గుంజుడే ఉందంట."

"మంచిది" అని చుట్ట ముట్టించుకుంది. ఇంటికి పొమ్మని నా వీపు మీద చరిచింది.

చెప్పిన రోజుకు ఇస్నాపూర్ నుంచి మేస్త్రీ, కూలీలు వచ్చారు. మేస్త్రీ అనేవాడు ఒక వింత జీవి. దేనికైనా "ఎస్ సార్" అనేవాడు. గోడల మీది నంబర్లు చూసి ఒక్కసారి కూలీల వైపు తిరిగి కళ్లు పెద్దవి చేశాడు, మళ్లీ ఇటు తిరిగి "ఎస్ సార్" అన్నాడు. వాడి కూలి వాడికి ముడుతుంది, గోడ ఎటు పోతే వాడికేమిటి? ఊరు కూడా వచ్చి చేరింది. మా నాయన ఒక పక్కగా, గొంగడి భుజాన వేసుకుని నిలబడ్డాడు. పక్కింటి అక్క తన గుమ్మంలోంచే చూసింది. మా వాకిట్లోకి వచ్చి నిలబడటం ఆమెకు నామోషీ.

చిన్నాయన వాకిలి నడుమ నిలబడి, చేతులు అటూ ఇటూ ఊపుతూ, అర్థం లేని ఇంగ్లీషు కేకలు వేస్తున్నాడు. "స్లో, స్లో! నంబర్ వైజ్!" కూలీలకు అది ఏ భాషో తెలియదు. వాళ్ల పద్ధతిలో వాళ్లు వంటింటి వైపు పెంకులు తీసి కిందికి అందించడం మొదలుపెట్టారు. పెంకుల కింద పేరుకున్న ఏళ్లనాటి మసి, దుమ్ము కోటు మీద పడింది. గాలి ఆడటం లేదు, మబ్బు కమ్ముకొస్తోంది, ఉక్క. ఎవరూ చూడటం లేదనుకుని ఆయన మెడ దగ్గర రెండు గుండీలు విప్పుకున్నాడు. మా అత్త చూసింది.

అరుగు మీద నుంచి లేచింది. చుట్ట ఆర్పి చూరులో పెట్టింది. చాలా నెమ్మదిగా తమ్ముడి దగ్గరికి పోయి, "తమ్మీ, కోటంత మసైంది. ఇటియ్యి, జెర దులుపుత" అంది. ఎంత ప్రేమగా అందంటే, అందరూ ఆమె దిగొచ్చిందనుకున్నారు. ఆయన గాభరాగా "వద్దక్కా, ఉండనీ" అని మెడ దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఆ చెయ్యి ఎందుకు పెట్టుకున్నాడో మరుక్షణం ఊరందరికీ తెలిసింది. మా అత్త వెనక నుంచి ఆ కోటు మెడ పట్టుకుని, బెదిరిన ఎద్దును గుంజినట్టు ఒక్క గుంజు గుంజింది. గుండీలు తెగి బురదలో పడ్డాయి. కోటు ఆమె చేతిలోకి వచ్చింది.

కోటు కింద చొక్కా లేదు. చిల్లులు పడి, చెమటకు పసుపుపచ్చగా మారిన బనీను ఉంది. మెడ దాకా గుండీలు పెట్టే కోటు కాబట్టి ఇన్నేళ్లూ చొక్కా ఖర్చు లేకుండా గడిపేశాడన్నమాట. మా ప్లాంట్ల, మా ప్లాంట్ల అని ఊరిని గడగడలాడించిన మనిషి ఆ కోటు లేకపోతే బక్కచిక్కిన కోడిలా ఉన్నాడు. నాకు జాలి వేసిందని చెబితే అబద్ధం. బాగా తృప్తి కలిగింది.

"అక్కా! ఏంది గిది!" అని అరిచాడు. ఆ అరుపులో ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు.

"పరేషాన్ గాకు తమ్మీ. చింపలే. డిస్మాంటిల్ చేసిన. అంత టెక్నికల్." ఆమె వంగి, అరుగు పక్కనే మిగిలి ఉన్న రంగు డబ్బాలోంచి బురుసు తీసింది. ఆయన వీపు మీద, బనీను మీద, పైనుంచి కిందికి ఒక నిలువు గీత గీసింది. మా అత్తకు రాయడం రాదు. ఒకటి అంకె వేయడానికి చదువు అక్కర్లేదు కదా. "నంబరు గూడ ఏసిన. ఇస్నాపూర్ల మల్ల తొడుగుత. ప్రోగ్రాం ప్రకారం."

మొదట నవ్వింది ఎస్ సార్ మేస్త్రీయే. ఆ తర్వాత వాకిలంతా నవ్వింది. అదే ఊరు, అంకెలు చూసి ముక్కు మీద వేలేసుకున్న ఊరు. వాళ్ల నవ్వుకు కూడా నా దగ్గర గౌరవం లేదు. ఒకరు మొదలుపెట్టాక నవ్వడానికి ఏం ధైర్యం కావాలి?

సరిగ్గా అప్పుడే వాన వచ్చింది. జల్లు కాదు, పెద్ద చినుకులు. బనీను తడిసి ఒంటికి అంటుకుంది, ఎర్రరంగు కరిగి నడుము మీదికి కారింది. చిన్నాయన చేతులు రెండూ గుండెల మీద ముడుచుకుని, ఎటు పోవాలో తెలియక నిలబడ్డాడు. మా నాయన ఉండబట్టలేకపోయాడు. "అయ్యో, పోరడు తడుస్తుండు" అంటూ పరుగున పోయి తన భుజం మీది గొంగడి తీసి తమ్ముడికి కప్పాడు.

మా అత్త నవ్వలేదు. తడుస్తూ మా నాయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"నీ తమ్ముడు జెరసేపు వానల నిలబడంగనే నీ పానం కలుక్కుమన్నది. ఉర్కొచ్చి కప్పినవు. వాడు మనిషిరా, తడిస్తె ఆరుతడు. నా గోడలు మట్టివి. తడిస్తె ఆరుతయారా?"

మా నాయన వంటింటి వైపు చూశాడు. పెంకులు తీసిన చోట వాన నేరుగా గోడ నెత్తి మీద పడుతోంది. గోడ మీద నుంచి మట్టినీళ్లు ఎర్రగా దిగుతున్నాయి. నంబరు రంగు కొంత, మట్టి కొంత. ఆయన మెడ ఆ రోజు ఊగలేదు. "పెంకులు మల్ల కప్పుండ్రి! జల్దీ!" అని కేక వేశాడు. అది మేము ఎరిగిన చేనుగట్టు గొంతు. కూలీలు తటపటాయిస్తే నిచ్చెన వేసుకుని తనే ఎక్కాడు. మేస్త్రీ కింద నుంచి "ఎస్ సార్" అన్నాడు. మేము పిల్లలం కూడా వరసలో నిలబడి పెంకులు అందించాం. చేతులు గీరుకుపోయాయి.

ఇల్లు నిలిచింది. వంటింటి గోడ ఒకటి మాత్రం తెల్లారేసరికి కూర్చుండిపోయింది. అది అప్పటికే నీళ్లు బాగా తాగేసింది. అత్త వానాకాలమంతా మా ఇంట్లో వండుకుని, తన ఇంట్లో పడుకుంది. ఎండలు రాగానే మా నాయనే మట్టి తొక్కి ఆ గోడ మళ్లీ పెట్టాడు. ఎవరినీ సాయం పిలవకుండా, ఒక్కడే పెట్టాడు. మిగతా గోడల మీది నంబర్లు సున్నం వేసిన కొద్దీ పైకి తేలుతూనే ఉండేవి. అత్త ఆ ఇంట్లోనే బతికింది, ముసలిదై ఆ ఇంట్లోనే పోయింది.

చిన్నాయన ఇస్నాపూర్‌లో రేకుల గదులు వేసుకున్నాడు. డిస్మాంటిల్ సంగతి ఎవరైనా ఎత్తితే "పోస్ట్‌పోన్ చేసినం" అనేవాడు. ఆయనకు సిగ్గు వచ్చి మారిపోయాడని చెప్పడానికి నా దగ్గర సాక్ష్యం లేదు. ఇంకో మాట నేర్చుకున్నాడు, అంతే.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. ఆ కోటును అత్త ఉతికింది. బురదలో వెతికి గుండీలు ఏరింది, దొరకని వాటికి తన పాత సందూక పెట్టెలోంచి వేరేవి తీసి కుట్టింది. కుట్టి, మడతపెట్టి, నా చేతికిచ్చి పంపింది. "అక్క మల్ల కప్పిందని చెప్పు" అంది. నేను పోయి చెప్పాను. చిన్నాయన కోటు తీసుకున్నాడు, నా మొహం చూడలేదు. ఆ తర్వాత ఆయన ఆ కోటు వేసుకుని అత్త వాకిలి ముందు నుంచి పోయినట్టు నాకు గుర్తు లేదు. చేను మీది నుంచి చుట్టు తిరిగి పోయేవాడు. పక్కింటి అక్క మరుసటి ఏడే భర్త బదిలీతో వెళ్లిపోయింది. పోయేటప్పుడు నాకేమీ ఇవ్వలేదు, ఒక్క మంచిమాట కూడా చెప్పలేదు.

ఆ తర్వాత నేను చదువుకున్నాను, ఇంగ్లీషూ వచ్చింది. ఉద్యోగం చేసి సంగారెడ్డిలో చిన్న ఇల్లు కట్టుకుని రిటైరయ్యాను. ఈ బతుకులో కోట్లు చాలా చూశాను. కోటు మారుతుంది, మాట మారుతుంది. పెద్ద మాట పట్టుకుని ఎవడైనా నా గడపలోకి వస్తే నేను అడిగేది ఒక్కటే, ఇందులో ఎవరి మీది గొంగడి గుంజుతున్నారు, మళ్లీ కప్పుడు అందులో ఉందా, లేదా. అడిగితే పదిమందిలో తొమ్మిది మందికి కోపం వస్తుంది. రావాలి.

మొన్న ఎండల్లో ఒక కుర్రవాడు వచ్చాడు. నల్లకోటు, టై, చేతిలో మెరిసే కాగితాలు. మా వీధిలో పాత ఇళ్లన్నీ రీడెవలప్‌మెంట్ చేస్తారట. నాది విప్పి, అక్కడే ఆకాశమంత కట్టి, నాకు ఒక ఫ్లాటు ఇస్తారట. చెవుల వెనక చెమట కాలువ కడుతోంది పాపం. "మేడమ్, ఇది కూల్చడం కాదు" అని మొదలుపెట్టాడు.

"కూర్చో నాయనా" అన్నాను. "ఉక్కగా ఉంది, ముందు ఆ కోటు విప్పు. తర్వాత మాట్లాడుకుందాం."

మర్యాద చేస్తున్నాననుకుని వాడు నవ్వుతూ గుండీల మీద చెయ్యి వేశాడు.